దిగులుకు అరబ్బీలో ఏమంటారు

జహ్రా నుంచి హవల్లీకి ముక్కాలు గంట.
వెనక సీట్లో బదర్, పక్కన నేను.
వాని చేతిలో వింటో డబ్బా,
తాగడు, పట్టుకుంటాడంతే.
గోర్లు కొరికి కొరికి
వేళ్ల చివర్లు ఉడకబెట్టిన శనక్కాయల మాదిరి అయినాయి.

రీమ్ డాక్టరమ్మ గదిలో
ఒక పెట్టె నిండా ఇసుక.
దేశమంతా ఇసుకే గదమ్మా,
మళ్లా పెట్టెలో పోసి పెట్టుకునేదేంది, అనుకున్నా.
వాడు ఆ ఇసుకలో రెండిండ్లు పెట్టినాడంట,
నడాన ఒక కారు.
కారులో ఎవరూ లేరంట.

ఆ రెండిండ్లూ నాకు తెలుసు.
జహ్రాలో బాబా ఇల్లు, సల్వాలో మామా ఇల్లు.
బేస్తవారం పొద్దుగూకితే పెట్టె సర్దేది నేనే:
నాలుగు చొక్కాలు, పండ్ల బ్రష్షు,
చెవి తెగిన ఒంటె బొమ్మ.
ఒంటెని ఒకసారి మర్చిపోయినా.
ఆ రాత్రి సల్వా నుంచి ఫోను.
ఏడుపు లేదు, ఉత్త ఊపిరి.

ఆర్నెల్లాయె వాడు నోరు తెరిచి.
రాత్రిళ్లు పక్క తడుపుతాడు.
ఎవరూ లేవకముందే దుప్పటి మార్చి
మిషన్లో వేసేస్తా.
మా ఊర్లో అయితే
ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేదాన్ని.
ఇక్కడ ఉప్పు తిప్పితే చేతబడి అంటారు,
ఇంక జైలే.
అందుకే లైట్లార్పినాక
ఉత్త గుప్పిటి తిప్పినా, మూడుసార్లు,
లోపల ఏమీ లేకుండా.

ఆ మంగళవారం తలుపు తీసి
"నువ్వూ రా" అనింది డాక్టరమ్మ.
నా మీదేమన్నా చెప్పినాడేమోనని కాళ్లు వణికినాయి.
గోడ మీద పన్నెండు ముఖాలు.
నగేది, ఉరిమి చూసేది, బెదిరేది, కండ్లనీళ్లది.
నీ ముఖం ఏది బాబూ అంటే
వాడు పన్నెండూ చూసి, తల అడ్డంగా ఊపి,
ఆర్నెల్లకి ఒక మాట అన్నాడంట:
"దిగులు."

ఏ దేశం మాట ఇది, అని ఆమె అడుగుతాంది.
నేను నేల చూపులు చూసినా,
దొంగతనం బయటపడినట్టు.

భయమా? అనింది. కాదమ్మా.
దుఃఖమా? కాదు.
నాకొచ్చిన అరబ్బీ వంటింటిది:
తే, తీసుకుపో, వేడి, చాలు, రేపు.
ఆ ఐదు మాటల్తో దిగులుని ఎట్ల చెప్పేది?
"పొద్దుగూకింది. దీపాలు పెట్టినారు.
అన్నం వేడిగా ఉంది.
ఒక మనిషి రాలే.
అప్పుడు, ఇక్కడ" అని చూపించినా,
పొట్ట కాదు, గుండె కాదు, ఆ రెంటి నడాన.
బదర్ నా చెయ్యి పట్టుకొని
బెత్తెడు కిందికి జరిపినాడు.
"ఇక్కడ."

డాక్టరమ్మ రాసుకునింది, కుడి నుంచి ఎడమకి.
వాళ్ల అక్షరాల్లో గ లేదంట,
ఇంకోదాన్ని అరువు తెచ్చి పెట్టింది.
పదమూడో ముఖానికి తెల్లకాగితం అంటించి
వాని చేతికి పెన్సిలిచ్చింది.
నోరు గీయలే వాడు.
కండ్లు గీసి, పక్కన
చెవి తెగిన ఒంటెని గీసినాడు.

"ఈ మాట ఎవరు నేర్పినారు?"
ఎవరూ నేర్పలేదమ్మా.
సుండుపల్లికి ఫోన్ చేసి పెట్టేసినాక
వంటింట్లో నాలో నేను అనుకుంటా ఉంటా,
వాడు స్టూలు మీద కూర్చొని వినేవాడు.
నా కూతురికి మాత్రం నేనే నేర్పించినా,
ఎయిర్‌పోర్టు బస్సెక్కి.

ఆమె చెప్పిన మందు ఇది:
అది వచ్చినప్పుడు సెల్లు చేతికియ్యొద్దు.
ఏం కాలేదులే అనొద్దు.
పేరు పెట్టి పిలువు, పక్కన కూచో.
ఇదేనా, అనుకున్నా,
దీనికి గంటకి అన్ని దినార్లా!
మళ్లెందుకో కండ్లల్లో నీళ్లు.
ఇన్నాళ్లూ దొంగచాటుగా చేసిందానికి
ఒక చదువుకున్నామె ముద్ర వేసిచ్చినట్టు.

రాత్రి రెండు. బయట దుమ్ముగాలి,
కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కినా.
తలుపు కాడ చిన్న నీడ.
"ఓబూ, దిగులు."
"వచ్చిందా?"
"వచ్చింది."
"రానీ నాయనా."
నా పరుపు మీద వాడు, ఒంటె, నేను.
"ఎంత పెద్దదుంది ఈపొద్దు?"
చేతులు చాపి చూపించినాడు, గోడ తగిలేదాకా.
"అబ్బో! అయితే కొంచెం జరుగు,
దానికీ చోటియ్యాల."